అయిదు వందల డెబ్భయ్యారు అడుగులు

మొన్న ఎదురింటి పిల్ల నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పియుసి, అంటే ఇంటరు, చదువుతోంది. "తాతా, ఈ లెక్క ఒకటి తెగడం లేదు, చెప్తావా?" అంది. హెలికాప్టరు నిట్టనిలువుగా పైకి పోతూ ఉంటుంది, అందులోంచి ఎవరో మందుల పొట్లం జారవిడుస్తారు, అది ఇన్ని సెకన్లకి నేలను తాకుతుంది, విడిచినప్పుడు హెలికాప్టరు ఎంత ఎత్తున ఉంది? ఇదీ లెక్క. ముప్ఫయ్యేళ్ళకు పైగా ఇదే బళ్ళారిలో పిల్లలకి ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కళ్ళజోడు సర్దుకుని, పెన్ను తీసి, మొదటి వేగానికి 'యు' అని రాసి, పక్కన సమానం గుర్తుకి రెండు గీతలు గీసి ఆగిపోయాను. పిల్ల కాసేపు చూసింది. తాతకి వయసు మీద పడిందని అర్థం చేసుకున్నట్టుంది, "పర్లేదులే తాతా, ఫోన్లో చూసుకుంటా" అని జాలిగా నోటుబుక్కు తీసుకుని వెళ్ళిపోయింది.

వయసు మీద పడిన మాట నిజమే. కానీ ఆ రెండు గీతల దగ్గర ఆగడం నాకు పదిహేడో ఏటినుంచీ ఉన్న జబ్బు. వాటి పక్కన ఏం రాయాలో నాకు తెలియని రోజుల్లో, తెలుసనుకుని ఇంకొకరికి నేర్పాను. తెలియకపోవడం తప్పు కాదు, తెలియనివాడు పంతులు కావడమే తప్పు. ఆ తర్వాత జీవితమంతా పంతులుగానే బతికాను కాబట్టి, నా మొదటి శిష్యుడి సంగతి ఎక్కడా చెప్పకుండా దాచుకుంటూ వచ్చాను. ఇంత వయసొచ్చాక దాచుకోవడానికి పళ్ళే లేవు, ఇంక ఇదెందుకు.

మాది బళ్ళారి జిల్లాలోనే ఎమ్మిగనూరు పక్కన క్యాంపు. తుంగభద్ర కాలువ కింద నీళ్ళు పారబోతున్నాయని తెలిసి, కృష్ణా జిల్లాలో ఉన్న రెండెకరాలు అమ్ముకుని మా నాన్న ఇక్కడికి వచ్చి నల్లరేగడి కొన్నాడు. మావంటి కుటుంబాలు నలభై దాకా ఒకచోట గుడిసెలు వేసుకుంటే దానికి క్యాంపు అని పేరొచ్చింది. ఊరివాళ్ళు జొన్న తినేవాళ్ళు, మేం వరి తినేవాళ్ళం. ఈ ఒక్క తేడాతో నాకు చిన్నప్పుడే కొంచెం తల తిరిగింది. ఎస్సెల్సీ మంచి మార్కులతో గట్టెక్కి బళ్ళారిలో పియుసికి చేరేసరికి ఆ తిరగడం పూర్తయింది. మా క్యాంపులో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనేనని మా అమ్మ కలుపు తీసే ఆడవాళ్ళకి చెప్పేది. నేను మిగతా వాళ్ళందరికీ చెప్పేవాణ్ణి.

బళ్ళారిలో నా బస కంటోన్మెంటులో గౌరమ్మవ్వ ఇంట్లో. నాలుగు తరాలనుంచీ అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. భర్త పోయాడు, పిల్లలు లేరు. మట్టిమిద్దె ఇల్లు, ముందు బండలు పరిచిన అరుగు, వెనక నీళ్ళ తొట్టి. పొద్దున్నే టపటపమని రొట్టె తట్టే చప్పుడుకి మెలకువ వచ్చేది. ఆ వెనకే కుంపటి పొగ, ఎండుమిరపకాయలు వేగే ఘాటు, శనగనూనె వాసన ఒకదాని వెంట ఒకటి పడుకున్నచోటికి వచ్చి లేపేవి. అవ్వ రొట్టె తట్టేటప్పుడు ఎవరితోనూ మాట్లాడదు, ఎవరైనా పలకరిస్తే పిండిచేత్తో ఆగమని సైగ చేస్తుంది. పని అయ్యాక మాత్రం ఆగదు. వేడి జొన్నరొట్టె మీద కారం, నూనె వేసి నా ముందు పెట్టేది. నేను ఒక ముక్క తుంచి, మందు మింగినట్టు మింగేవాణ్ణి. "అన్నం పిలగాడా, గొంతులో ముల్లు పడిండాదా ఏమి?" అనేది. ఇవాళ అలాంటి రొట్టె కోసం ఊరంతా వెతుకుతున్నాను. హోటళ్ళలో పెడుతున్నది దుప్పటిలా సాగుతోంది, వేడిగా ఉన్నప్పుడు కూడా.

నేను రొట్టె తినలేక చిక్కిపోతున్నానని మా అమ్మకి కబురు వెళ్ళింది. పంపినవాణ్ణి నేనే. ఆ ప్రాంతంలో ఒక పద్ధతి ఉండేది. పల్లెల్లో తల్లులు పొద్దున్నే రొట్టెలు చేసి, గుడ్డలో మూటగట్టి, పట్నంలో చదువుకునే కొడుకులకి బస్సులో పంపేవాళ్ళు. ఆ మూటని బుత్తి అంటారు. బస్సు మీద పాతిక బుత్తులుంటే ఏది ఎవరిదో గుడ్డ చూసి చెప్పేవాళ్ళు బస్సువాళ్ళు. మా అమ్మ కూడా ఆ పద్ధతిలోకి దిగింది. కాకపోతే రొట్టెలకి బదులు మూత గట్టిగా పట్టే డబ్బాలో అన్నం, మధ్యలో ఆవకాయ, పైన అరటాకు ముక్క, ఆ డబ్బాని నాన్న పాత పంచె ముక్కలో కట్టి పంపేది. బస్సు స్టాండు మా కంటోన్మెంటుకి చాలా దూరం. స్టాండుకి పోయి తెచ్చుకుంటే కాలేజీకి ఆలస్యం అవుతుంది. బస్సు మా సందు మలుపులో కొంచెం నిదానించేది కానీ ఆగేది కాదు. అందుకని కదిలే బస్సులోంచే బుత్తి విడవాలి, నేను అందుకోవాలి. విడిచేవాడు సుంకన్న.

సుంకన్న ఆ బస్సు క్లీనరు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. బస్సు వెనక ఇనుప నిచ్చెన పట్టుకుని, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాల్లో పెట్టి ఎమ్మిగనూరునుంచి బళ్ళారిదాకా వచ్చేవాడు. లోపల జనం కిక్కిరిసి ఉంటే క్లీనరుకి చోటెక్కడిది. మలుపు రాగానే నా గుడ్డ వెతికి తీసి, చెయ్యి చాచి, నేను ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే మూట వదిలేసేవాడు. విసిరేవాడు కాదు, ఉత్తినే వేళ్ళు విప్పేవాడు. అది సరిగ్గా నా గుండెల మీదికి వచ్చేది. నేను దాన్ని కావలించుకుని రెండడుగులు వెనక్కి వేసేవాణ్ణి. బస్సు వెళ్ళిపోయేది. నెల రోజుల్లో ఒక్కరోజు కూడా గురి తప్పలేదు.

కాలేజీలో మాకు అప్పుడే పడే వస్తువుల పాఠం మొదలైంది. ఎత్తునుంచి విడిచిన వస్తువు తిన్నగా కిందికి పడుతుంది, మొదటి వేగం సున్నా, సెకనుకి ముప్ఫయ్ రెండు అడుగుల చొప్పున వేగం పెరుగుతుంది. లెక్చరరు గారు మేడ మీదినుంచి, బావి గట్టునుంచి రాళ్ళు వేయించేవారు. ఆ లెక్కలన్నీ టకటకా చేసేసేవాణ్ణి. పాఠంలో సగం దాటకుండానే నాకు శాస్త్రం పూర్తిగా వంటబట్టిందని నమ్మకం కలిగింది. ఆ నమ్మకంతో సుంకన్నని సరిదిద్దబోయాను. ఒక సాయంత్రం స్టాండుకి పోయి, "సుంకన్నా, నువ్వు మూట ముందే వదిలేస్తున్నావు. విడిచిన వస్తువు తిన్నగా కింద పడాలి. సరిగ్గా నా ఎదురుగా వచ్చాక వదులు" అన్నాను.

"ఎదురుగా ఒదిల్తే ముందుకు పోతాది గదప్పా" అన్నాడు.

"పోదు. పుస్తకంలో ఉంది."

పుస్తకం పేరు చెప్పగానే అతను సరేనన్నాడు. మర్నాడు నేను చేతులు చాచి నిలబడ్డాను. బస్సు వచ్చింది, నిచ్చెన నా ఎదురుగా వచ్చింది, సుంకన్న వేళ్ళు విప్పాడు. మూట నన్ను దాటుకుని పోయి, పక్కనున్న సైకిలు షాపులో పంచరు చూసే నీళ్ళ తొట్టిలో పడింది. మూత ఊడింది. ట్యూబు నీళ్ళలో ఎక్కడ బుడగలు వస్తాయా అని చూస్తున్న షాపు సాయిబు గారికి ఆవకాయ ముక్కలు తేలుతూ కనిపించాయి. ఆయన ఒక ముక్క తీసి చూసి, "బేటా, నీ టిఫిను పంచరైందిరా" అన్నాడు. ఆ పూట అవ్వ ముందు కూర్చుని జొన్నరొట్టె మారు అడిగి తిన్నాను. సుంకన్నతో మాత్రం గాలి ఎక్కువగా ఉందని, డ్రైవరు వేగం పెంచాడని చెప్పాను. అతను "హౌదా, అట్లనా" అని తలూపాడు. మర్నాటినుంచి నన్ను అడక్కుండానే మళ్ళీ పది అడుగుల ముందునుంచి వదిలాడు, మళ్ళీ నా గుండెల మీదికే వచ్చింది. బుద్ధి ఉన్నవాడెవడైనా ఆ తొట్టి దగ్గరే పాఠం నేర్చుకునేవాడు. నేను మాత్రం అడ్డంగా పోయే వాటి సంగతి మా సిలబసులో లేదు, అందువల్ల అది నా తప్పు కాదు అని తీర్మానించుకున్నాను.

ఇంత జరిగాక కూడా ఆ మనిషి నన్నే గురువుగా ఎంచుకున్నాడు. ఒక ఆదివారం బళ్ళారిలో బస్సు రిపేరుకి పెట్టి, వెతుక్కుంటూ అవ్వ ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోకుండా నిలబడి చెప్పాడు.

"నాకు ఎస్సెల్సీ లో సైన్సు ఒగటే పోయిండాదప్పా. మిగతావన్నీ పాసే. మా బస్సు ధణి ఏమన్నాడంటే, అది కట్టి పాసైతే కండక్టరు బ్యాగు నీకే ఇస్తా అన్నాడు. ఈ సెప్టెంబర్‌లో కడతా. రవ్వంత చెప్పిస్తావా?"

"కండక్టరు కావాలని అంత ఆశా?" అని అడిగాను. నాకది పెద్ద పదవిలా అనిపించలేదు.

"ఆశ కాదప్పా. లోపల కూచ్చునే పని. మొన్న కాలవ బిడ్జి మింద బస్సు ఎగిరేసరికి చెయ్యి జారె. ఒగ చేత్తో ఏలాడుకుంటా వస్తి. ఎవరో పొయ్యి మా ఇంట్లో చెప్పినారు. అప్పట్నుంచి ఆయమ్మ నేను ఇంటికొచ్చేదాకా అన్నం తినదు."

ఆయమ్మ అంటే అతని భార్య. పెళ్ళయి ఏడాది కాలేదు. ఇది విన్నాక ఎవరైనా కాదనగలరా. కాదనవలసింది నేనే. కానీ నాకు ఒక శిష్యుడు దొరికాడన్న సంబరం ముందు ఇంకేదీ కనబడలేదు. ఆ రోజే అవ్వ గోడ మీద బొగ్గుతో బోర్డు గీశాను. అవ్వ తిట్టింది. సుంకన్న తడిగుడ్డతో తుడిచి, ఇంటినుంచి పలక తెస్తానన్నాడు.

ఆదివారాలు, బస్సు తిరుగు ప్రయాణానికి ముందు మధ్యాహ్నాలు, రెండు నెలలు పాఠం సాగింది. అతను నూనె మరకల చేతులు కడుక్కుని, చొక్కా జేబులోంచి పెన్సిలు తీసి, ముందు పలకకి దణ్ణం పెట్టేవాడు. నాకది చాలా నచ్చేది, ఎందుకంటే పలక నా వైపే ఉండేది. అవ్వ ఓ మూల కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతూ అన్నీ వినేది. చెప్పింది సుంకన్నకి వెంటనే ఎక్కేది. గాలి పీడనం అంటే టైరు గాలి చెప్పేవాడు, వేడికి ఇనుము సాగడం అంటే వేసవిలో బస్సు తలుపు బిగుసుకోవడం చెప్పేవాడు. ఆ ఉదాహరణలు నాకు నచ్చేవి కావు. "పరీక్షలో అలా రాయకూడదు, పుస్తకంలో ఉన్నట్టు రాయాలి" అని కొట్టిపారేసేవాణ్ణి. నిజానికి అతని ఉదాహరణలు నాకు తట్టనందుకు కడుపుమంట.

ఒక ఆదివారం పాత ప్రశ్నపత్రంలో బెలూను లెక్క వచ్చింది. సెకనుకి ముప్ఫయ్ రెండు అడుగుల వేగంతో పైకి పోతున్న బెలూనులోంచి ఒక రాయి జారవిడిచారు. అది ఆరు సెకన్లకు నేల మీద పడింది. విడిచినప్పుడు బెలూను ఎంత ఎత్తున ఉంది? చదివి వినిపించగానే అవ్వ చేట ఆపింది.

"ఎవురప్పా వాడు, బెలూను ఎక్కి రాయి ఏసేటోడు? కింద మన్సులు ఉండారని సూసుకోడా?"

"అది లెక్క అవ్వా. నిజంగా కాదు" అన్నాను.

మేమెవరమూ మనిషిని మోసే బెలూను చూడలేదు, జాతరలో రబ్బరు బుగ్గలు తప్ప. నా దగ్గర మాత్రం సూత్రం ఉంది. 'విడిచారు' అని ఉంటే మొదటి వేగం సున్నా, 'విసిరారు' అని ఉంటే సున్నా కాదు. ఇది నేను సొంతంగా కనిపెట్టి, ఎర్ర సిరాతో నోటుబుక్కు అట్ట మీద రాసుకున్న సూత్రం. దాని ప్రకారం పదహారుని ముప్ఫయ్యారుతో గుణిస్తే అయిదు వందల డెబ్భయ్యారు అడుగులు. పలక మీద వేసి, కింద రెండు గీతలు గీశాను. బెలూను వేగం ముప్ఫయ్ రెండు మరి దేనికిచ్చారని అడిగితే, మనల్ని తికమక పెట్టడానికి ఇస్తారు, అటువంటివాటికి లొంగకూడదు అన్నాను.

సుంకన్న పలక తన వైపు తిప్పుకున్నాడు.

"పైకి పోతాండే దాంట్లోంచి ఒదిల్తే, ఆ రాయి గూడ కొంచెం సేపు పైకే పోతాది గదప్పా? కాలవ బిడ్జి మింద బస్సు ఎగిరినప్పుడు టాపు మింద మూటలు సుమ్నే ఉండవు. బస్సు కిందికి దిగినా అవి ఇంకా పైకి లేస్తాంటాయి. నేను రోజూ చూస్తాండా."

చెప్పాలంటే ఆ మాటలోనే లెక్కంతా ఉంది. నేను నవ్వాను. నవ్వడం మాత్రమే కాదు, "బస్సు వేరు, బెలూను వేరు. పరీక్ష రాసేది నువ్వా, నీ మూటలా?" అని కూడా అన్నాను. అన్న మాట ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మంచి మాటలు ఎందుకు ఇంత బాగా గుర్తుండవో. సుంకన్న ముఖం ఎర్రబడింది. పెన్సిలు తీసుకుని అయిదు వందల డెబ్భయ్యారు అని నోటులో ఎక్కించుకున్నాడు. తర్వాత నా కోసం ఆ లెక్క ఇంకో నాలుగుసార్లు చేసి చూపించాడు.

పరీక్ష రోజు సాయంత్రం బొరుగులు, మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని నేరుగా అవ్వ ఇంటికి వచ్చాడు. గడపలోనే, "నువ్వు చెప్పిన బెలూను లెక్కే వచ్చెనప్పా, అంకెలు గూడ అవే" అన్నాడు. నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వారించాను, కానీ కొంచెం ఆలస్యంగా వారించాను. అవ్వకి బజ్జీలు పెడుతూ, కండక్టరు అయ్యాక ఆమెకి హంపీదాకా టికెట్టు లేకుండా తీసుకుపోతానన్నాడు. టికెట్టు ఇవ్వని కండక్టరుని ఎవరు పెట్టుకుంటారప్పా అని అవ్వ నవ్వింది.

వారం తిరక్కుండా కాలేజీలో మా లెక్చరరు గారు పడే వస్తువుల పాఠం తిరగేస్తూ బోర్డు మీద బెలూను గీశారు. అవే అంకెలు. జవాబు ఎవరు చెప్తారని అడిగారు. ఆయన మాట పూర్తి కాకుండానే లేచి, అయిదు వందల డెబ్భయ్యారు అని వెనక బెంచీలకి కూడా వినబడేలా చెప్పాను. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టారు. "బెలూను మీద రాయికి అంత కోపమెందుకయ్యా? చెయ్యి వదలగానే బంధుత్వం మొత్తం తెంచుకుందా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. అప్పుడు నెమ్మదిగా చెప్పారు. బెలూనులో ఉన్నంతసేపూ రాయి కూడా పైకి పోతూనే ఉంది. విడిచాక కూడా ఆ వేగంతోనే ఒక సెకను పైకి, పదహారు అడుగులు లేస్తుంది. అక్కడ ఆగి, మిగిలిన అయిదు సెకన్లలో నాలుగు వందల అడుగులు పడుతుంది. నాలుగు వందల్లోంచి పదహారు తీస్తే మూడు వందల ఎనభై నాలుగు. అంతే. ఎదురుగా ఉన్న ఆ అంకె చూస్తుంటే నాకు బోర్డు కనిపించలేదు, బస్సు టాపు మీద ఎగురుతున్న మూటలు కనిపించాయి.

ఫలితాలు రావడానికి ఇంకా రెండు నెలలుంది. ఆ రెండు నెలలూ పొద్దున్నే మలుపులో నిలబడి, ఆ మనిషి చేతిలోంచి వచ్చే బుత్తి అందుకున్నాను. నిచ్చెన మీదినుంచే నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ ఒక్క లెక్క పోయినా మిగతావి బాగా రాసి ఉంటాడులే అని రోజూ నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఆవకాయ అన్నం మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు. పశ్చాత్తాపం ఆకలిని చంపుతుందని అంటారు. నా విషయంలో అది జరగలేదు.

సైన్సులో ముప్ఫయ్యైదు రావాలి. సుంకన్నకి ముప్ఫయ్యొకటి వచ్చాయి. బెలూను లెక్కకి అయిదు మార్కులు. ఆ తీసివేత నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది. కాలేజీ ఎగ్గొట్టి స్టాండుకి నడిచిపోయాను. సుంకన్న బస్సు పక్కన బకెట్టు పెట్టుకుని అద్దాలు తుడుస్తున్నాడు. అద్దం మీద చెయ్యి ఆపకుండానే, "పాయెనప్పా" అన్నాడు. నేను చెప్పాలనుకున్నదంతా దారిలో వల్లెవేసుకుని వచ్చాను. తీరా నోటినుంచి వచ్చింది మాత్రం, "ఆ బెలూను లెక్క నేను తప్పు చెప్పాను సుంకన్నా. నువ్వన్నదే నిజం. రాయి ముందు పైకే పోతుంది" అని.

అతను గుడ్డ పిండి బకెట్టు అంచు మీద వేశాడు. కోప్పడతాడని ఎదురుచూశాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"పైకి పోతాదని నాకు తెల్సప్పా. దినామూ చూస్తాండా గదా" అన్నాడు. "పరీచ్చల్లో రాళ్ళు వేరే మాదిరి పడతాయేమో అనుకుంటి."

నాకు ఏడుపొచ్చింది. అతని ముందు ఏడవడానికి కూడా మొహం చెల్లక, బస్సు వెనక్కి వెళ్ళి ఆ నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. మార్చిలో మళ్ళీ కట్టమన్నాను, సరిగ్గా చెప్తానన్నాను. ధణి మార్చిదాకా ఆగలేదు. బ్యాగు ఆయన మేనల్లుడి భుజానికి ఎక్కింది. ఇంక దేనికప్పా అని సుంకన్న మళ్ళీ పుస్తకం పట్టలేదు. మరో నాలుగేళ్ళు ఆ నిచ్చెన మీదే వేలాడి, డ్రైవింగు నేర్చుకుని, చివరికి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆ నాలుగేళ్ళూ ఆ ఇంట్లో ఒక మనిషి సాయంత్రందాకా అన్నం ముట్టకుండా ఎదురుచూసింది. ఆ లెక్క కూడా నా ఖాతాదే.

ఇప్పుడు బుత్తులు లేవు. పల్లెనుంచి వచ్చిన పిల్లలు హాస్టల్లో తింటారు, ఆకలేస్తే ఫోను నొక్కుతారు. పరీక్షల్లో లెక్క చెయ్యక్కర్లేదు, నాలుగు జవాబుల్లో ఒకదాని పక్కన చుక్క పెడితే చాలు. అయిదు వందల డెబ్భయ్యారు ఆ నాలుగింటిలో తప్పకుండా ఉంటుంది. నాలాంటివాళ్ళు ఉంటారని ప్రశ్నలు తయారుచేసేవాళ్ళకి తెలుసు. మా కాలంలో పిల్లలు చాలా తెలివైనవాళ్ళని సభల్లో నా ఈడువాళ్ళు అంటూ ఉంటారు. నేనా మాట ఎత్తను. మా కాలంలో పుస్తకం అంటే భయం ఎక్కువ, అంతే. ఆ భయాన్ని పెంచినవాళ్ళలో నేనొకణ్ణి.

ఎలా పెంచానంటే, చదువయ్యాక బళ్ళారిలోనే లెక్చరరునై, ఏటా ఆ పాఠం వచ్చినప్పుడు ఒక కథ చెప్పేవాణ్ణి. 'ఒక క్లీనరు ఉండేవాడు. రోజూ కదిలే బస్సులోంచి బుత్తి విడిస్తే గురి తప్పేది కాదు. అదే మనిషి పరీక్షలో బెలూను లెక్కకి అయిదు వందల డెబ్భయ్యారు రాసి వచ్చాడు. చేతికి తెలిసింది తలకి తెలియలేదు.' క్లాసు పడీ పడీ నవ్వేది. నవ్వాక ఆ లెక్క ఎవరూ మరిచిపోయేవారు కాదు. మంచి మేష్టారినని నాకు పేరు రావడంలో ఆ కథకి పెద్ద వాటా ఉంది. అందులో ఆ లెక్క అతనికెవరు నేర్పారో నేను చెప్పేవాణ్ణి కాదు. ఎవరూ అడగలేదు కూడా. క్లీనరు తప్పు రాశాడంటే ఎవరికీ ఆశ్చర్యం ఉండదు కదా.

కథ అలా పదిహేనేళ్ళ పైన నడిచింది. ఒక వేసవిలో కోతలు చూసుకోవడానికి క్యాంపుకి వెళ్తూ సుంకన్న బస్సు ఎక్కాను. జుట్టు సగం నెరిసింది, ఒళ్ళు వచ్చింది. నన్ను తన వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. దారిలో టీ కొట్టు దగ్గర బస్సు ఆపి, ఇద్దరికీ టీ చెప్పాడు. ఎప్పుడు మారాడో గమనించలేదు కానీ, నన్ను అప్పా అనడం మానేసి సార్ అంటున్నాడు.

"మా పాప మీ కిలాసులోనే ఉండాది సార్. మంగళ అని. ఫిజిక్సంటే పానమిస్తాది. ఇంట్లో ఎప్పుడూ మీ మాటే."

రెండో బెంచీలో కూర్చునే పిల్ల, ఎప్పుడూ చెయ్యెత్తే పిల్ల. రిజిస్టర్లో తండ్రి పేరు పొడి అక్షరమే కాబట్టి ఎవరమ్మాయో నాకు తెలియదు. బాగా చదువుతుంది అని చెప్పబోయాను. ఈలోగా అతను టీ ఊదుకుంటూ అన్నాడు.

"మొన్న ఇంటికొచ్చి ఒగటే నగు సార్. మీరు క్లీనరు కత చెప్పినారంట గదా. వాళ్ళమ్మకి చెప్పె, నాకు చెప్పె."

టీ గ్లాసు పట్టుకున్న నా వేళ్ళు కాలుతున్నాయి. కింద పెట్టాలని కూడా తోచలేదు. "అది నువ్వేనని చెప్పావా?" అని అడిగాను.

"ల్యా. ఇంట్లో ఆయమ్మ చెప్పబోతే గూడ వద్దంటి."

"ఎందుకు సుంకన్నా?"

అతను గ్లాసు ఖాళీ చేసి, అడుగున మిగిలిన చుక్కలు నేలమీద పారబోశాడు.

"చెప్తే, మరి ఆ లెక్క నీకు చెప్పిచ్చినోడు ఎవురు నాయినా అని అడుగుతాది గదా సార్" అని లేచి, బస్సు దగ్గరికి నడిచాడు.

ఆ తర్వాత పదహారేళ్ళు పాఠం చెప్పాను. ఆ కథ మళ్ళీ చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. రెండో బెంచీలో ఆ పిల్ల ఉన్నంతకాలం ధైర్యం చాలలేదు, ఆమె వెళ్ళిపోయాక అవసరం లేదనుకున్నాను. మంగళ ఇప్పుడు దావణగెరెలో కాలేజీ పిల్లలకి ఫిజిక్సు చెప్తోందని విన్నాను. నా కథ ఆమె నోట ఏ క్లాసులోనో ఇంకా నడుస్తూ ఉండొచ్చు, పిల్లలు నవ్వుతూ ఉండొచ్చు. సుంకన్న పోయి నాలుగేళ్ళయింది. అమ్మా మంగళా, ఆ క్లీనరు మీ నాన్న. ఆయన మొదట చెప్పిన జవాబు సరైనదే. దాన్ని కొట్టేసి తప్పు రాయించినవాణ్ణి నేను.